బావి ఈత నుంచి హావ్‌లాక్ దాకా

మా ఆయనది కాకినాడ. ఉప్పుగాలి పీల్చుకుంటూ పెరిగారు, ఈత మాత్రం రాదు. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లెటూరు. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇరవై ఒకటో ఏట, చెన్నైకి ఇంటర్వ్యూ కోసం వెళ్ళినప్పుడు. కానీ ఈత వచ్చు. ఏడేళ్ళప్పుడు మా జేజినాయన నడుముకి బెండ్లు కట్టి తోట బావిలోకి తోసేశాడు. మరుసటి వేసవికి బెండ్లు విప్పేశాడు. బెంగళూరులో స్థిరపడ్డాక ఆ ఈతతో పనే లేకుండా పోయింది. అపార్ట్‌మెంట్ పూల్ ఉంది కానీ, దాన్ని బాల్కనీ నుంచి చూడటమే ఎక్కువ.

మూడేళ్ళ కిందట గోవా వెళ్ళాం. 'అయిదు వాటర్ స్పోర్ట్స్, స్కూబా, లంచ్, అన్నీ కలిపి ఒకే రేటు' అని ఎవరో ఒక ప్యాకేజీ అంటగట్టారు. స్కూబా అంటే వీపున గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళ అడుగున ఈదడం. పడవలో ముప్పై మందిమి. శిక్షణ పేరిట అయిదు నిమిషాలు ఏదో చెప్పారు, అదీ స్పీకర్ పాటల హోరులో. నాకంటే ముందు దిగినావిడ విప్పిన తడి సూట్ నాకు తొడిగారు. కింద నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. వెనక నుంచి ఒకతను నా సిలిండర్ పట్టుకుని, పిల్లి తన కూనని మెడ దగ్గర కరుచుకెళ్ళినట్టు ఒక రాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. బిస్కెట్ పొడి చల్లి నాలుగు చేపల్ని రప్పించాడు, వీడియో తీశాడు, పైకి తెచ్చి వదిలాడు. చెవి రెండు రోజులు నొప్పెట్టింది. తర్వాత వీడియో చూసుకుంటే మొత్తం ఎనిమిది నిమిషాలు.

అయినా ఆ ఎనిమిది నిమిషాల్లో ఒక్క క్షణం, నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని క్షణం ఒకటి ఉంది. చిన్నప్పుడు బావి అడుగున రాయి తేవడానికి మునిగితే ఉండే నిశ్శబ్దం అది. ఇక్కడ ఊపిరి కోసం పైకి పరిగెత్తాల్సిన పని లేదు, అంతే తేడా.

పోయిన జూన్‌లో, సర్జాపూర్ రోడ్డు మీద వానలో గంటన్నర క్యాబ్‌లో ఇరుక్కున్న రోజున, ఈసారి స్కూబా పద్ధతిగా నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆ రాత్రే ఎక్సెల్ తెరిచి ఊళ్ళ పేర్లు రాసుకున్నాను. ఊళ్ళు కూడా కాదు, ఫొటోలు చూసి రాసుకున్న పేర్లు.

మొదటిది మాల్దీవులు. తీరా చదివితే అక్కడ పేరున్న డైవింగ్ చాలావరకు పగడపు దిబ్బల మధ్య కాలువల్లాంటి చోట్ల, నీళ్ళు ఏరులా లాక్కుపోయే దగ్గర ఉంటుంది. ఆ ప్రవాహం మోసుకొచ్చే మేత కోసమే మాంటా రేలనే పెద్ద రెక్కల చేపలు, సొరచేపలు చేరతాయి. అంటే వాటిని చూడాలంటే ముందు ఆ ప్రవాహంలో నిలదొక్కుకోవడం రావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు లోతు తక్కువ ఉన్న సరస్సులాంటి చోట దిగి రావాల్సిందే. మాంటాలు గుంపులుగా వచ్చే హనిఫారు బే గురించి చాలా కలలు కన్నాను. అక్కడ అసలు సిలిండర్‌తో దిగనివ్వరు, పైన స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకుని ఈదడమే. రిసార్ట్ రేటు చూసి మా ఆయన స్క్రీన్ మీదికి వంగి, "ఇది రాత్రికా, నెలకా?" అన్నారు. ఆ వరుస కొట్టేశాను.

బాలి మీద మాత్రం మనసు చాలా రోజులు ఆగింది. అక్కడ తులంబెన్ అనే చోట, ఒడ్డు నుంచి నడిచి నీళ్ళలోకి దిగితే చాలు, మునిగిపోయిన అమెరికన్ ఓడ కనిపిస్తుంది. పేరు లిబర్టీ. 1942లో జపాన్ జలాంతర్గామి టార్పిడోతో కొడితే ఒడ్డుకి ఈడ్చుకొచ్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది నీళ్ళలోకి జారిపోయింది. కానీ మా పాప పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడింది, పైగా విమానాల్లోనే రెండు రోజులు పోతాయి. థాయిలాండ్‌లోని కో టావో కోర్సులకి చవక, కానీ విమానం దిగాక ఇంకా బస్సు, పడవ. తొమ్మిదేళ్ళ పిల్లతో వద్దనుకున్నాం. లక్షద్వీప్‌కి పర్మిట్ తెచ్చుకోవాలి, బస దొరకడం కష్టం. ఇంటికి దగ్గరంటే మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి. మా ఆఫీసులో ఇద్దరు వెళ్ళొచ్చారు. ఒకాయన "అద్దంలా ఉంది" అన్నాడు, రెండు వారాల తర్వాత వెళ్ళినాయన "నా చెయ్యి నాకే కనపడలేదు" అన్నాడు. చోటు ఒకటే, రోజు వేరు.

ఆ మాట విన్నాకే ఎక్సెల్‌లో ఫొటోల కాలమ్ తీసేసి నెలల కాలమ్ పెట్టాను. మాకు కుదిరేవి దసరా సెలవులు, క్రిస్మస్, పరీక్షల తర్వాత వేసవి. దసరాకి అండమాన్‌లో వానలు ఇంకా పూర్తిగా వదలవు. క్రిస్మస్‌కి టికెట్లూ గదులూ మండిపోతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మే నెలలో మళ్ళీ రుతుపవనాలు. పాప పరీక్షలు మార్చి మూడో వారంలో అయిపోతాయి. అలా మార్చి నెలాఖరు, హావ్‌లాక్ దీవి. చివరికి సముద్రాన్ని ఎంచింది మా పాప స్కూల్ క్యాలెండర్.

హావ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. డైవింగ్ వాళ్ళందరూ ఇంకా హావ్‌లాక్ అనే అంటున్నారు, నేనూ అలవాటు కొద్దీ అలాగే రాస్తున్నాను.

ఇక ఎవరి దగ్గర నేర్చుకోవాలి? నాలుగు సెంటర్లకి ఫోన్ చేశాను. ఒకచోట ఎత్తినతను నా మాట పూర్తికాకుండానే, "ఈత అక్కర్లేదు మేడమ్, రెండు రోజుల్లో లైసెన్స్, గ్యారంటీ" అన్నాడు. అప్పటికి నేను కొంచెం చదువుకుని ఉన్నాను. ఒక్కసారి సరదాగా, ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉండి దిగడానికి ఈత అక్కర్లేదు, 12 మీటర్లకి మించి తీసుకెళ్ళరు. నాకు కావాల్సింది ఓపెన్ వాటర్ కోర్సు. తోడు ఒక డైవర్ ఉంటే 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత ఇచ్చేది అది. దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. ఇంత వేగం అని లేదు, కానీ ఈదాలి. అక్కర్లేదన్నవాడు ఇంకా ఏమేమి అక్కర్లేదంటాడో అని ఆ నంబర్ కొట్టేశాను.

నాలుగో సెంటర్‌లో ఎత్తినావిడ నన్నే ప్రశ్నలు వేసింది. కళ్ళజోడు పవర్ ఎంత, సైనస్ ఉందా, చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా, తిరుగు విమానం ఏ రోజు, ఎన్ని గంటలకి. నా ప్రశ్నలకీ సూటిగా జవాబిచ్చింది. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి నలుగురు. పడవలో ఆక్సిజన్ కిట్ ఉంటుంది. చెవి సర్దుకోకపోతే ఆ రోజు దించరు, మర్నాడు చూస్తారు, దానికి మళ్ళీ డబ్బు కట్టక్కర్లేదు. రేటు మిగతావాళ్ళ కంటే 5 వేలు ఎక్కువ. థియరీ, పూల్ భాగం బెంగళూరులోనే పూర్తి చేసుకుని రమ్మని సలహా ఇచ్చింది కూడా ఆవిడే. రెఫరల్ అంటారట. అక్కడికి వెళ్ళాక నాలుగు సముద్రపు డైవ్‌లు చేస్తే చాలు, సెలవులు క్లాసులో కూర్చుని పోగొట్టుకోనక్కర్లేదు.

విమానం సంగతి ఆవిడ అడిగి ఉండకపోతే మునిగేవాళ్ళం. మా ట్రావెల్ ఏజెంట్ వేసిన ప్లాన్‌లో ఆఖరి రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం ఫ్లైట్. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా బయటికి పోవాలి. ఆ లోపల విమానం ఎక్కి పైకి వెళ్తే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, గోలీసోడా గోలీ నొక్కినట్టే. బుడగలు కీళ్ళలో, నరాల్లో. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలి, మా సెంటర్ వాళ్ళు 24 అన్నారు. ఏజెంట్‌కి చెబితే, "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. టికెట్ మార్చుకున్నాం, చార్జీ మేమే కట్టుకున్నాం.

మెడికల్ ఫారం మొదటి పేజీలో పది ప్రశ్నలు ఉంటాయి. అన్నిటికీ 'లేదు' అయితే సంతకం పెట్టేసి ముందుకి పోవచ్చు. నాకు బెంగళూరు ఇచ్చిన ఆస్తి సైనస్. ఏడాదికి మూడుసార్లు ముక్కు మూసుకుపోతుంది. 'లేదు' అని టిక్ పెట్టేస్తే ఎవరు చూస్తారని మా ఆయన అన్నారు, నాకూ ఒక్క నిమిషం అలాగే అనిపించింది. గోవా చెవినొప్పి గుర్తొచ్చి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవిలోకి లైటు వేసి చూస్తూ, "ముక్కు మూసుకుని మెల్లగా ఊదండి" అన్నారు. ఎడమ కర్ణభేరి టక్కున కదిలింది. కుడిది కొంచెం ఆలస్యంగా. నేల మీద కదిలితే నీళ్ళలోనూ కదులుతుందని, కానీ జలుబు ఉన్న రోజు దిగొద్దని చెప్పారు. మాత్ర వేసుకుని ముక్కు తెరిపించుకుని దిగడం ఇంకా ప్రమాదమట. కింద ఉండగా మందు పని ఆగిపోతే, లోపలి గాలికి బయటికి రావడానికి దారి ఉండదు. ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చారు.

బెంగళూరు పూల్ పొడవు 25 మీటర్లు. అటూ ఇటూ ఎనిమిది సార్లు. ఏముందిలే అనుకున్నాను. మూడో సారికే ఊపిరి అందలేదు. అప్పుడు అర్థమైంది, బావిలో నేను ఎప్పుడూ పది బారల కంటే ఎక్కువ ఒకే వైపు ఈదలేదు. ఎటు వెళ్ళినా గోడే కదా, మెట్టు పట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. దూకడంలో, మునగడంలో ఉన్న ధైర్యం దూరం ఈదడంలో లేదు. మూడు వారాలు పొద్దున్నే ఆరింటికి వెళ్ళి అలవాటు చేసుకుంటే అప్పటికి 200 మీటర్లు అయ్యాయి. పూల్‌లో మిగతావాళ్ళు నన్ను దాటుకుంటూ పోయారు, పోనీ.

తేలడం మాత్రం సులువు. బావిలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూసిన ఒళ్ళు ఇది.

అన్నిటికంటే భయపెట్టింది మాస్క్. కళ్ళకి పెట్టుకునే ఆ అద్దంలోకి కావాలనే నీళ్ళు నింపుకుని, తల కొంచెం పైకెత్తి, పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో గాలి వదిలితే నీళ్ళు కింది నుంచి బయటికి పోతాయి. చెప్పడానికి ఇంతే. నేను నీళ్ళు నింపగానే అలవాటు కొద్దీ ముక్కుతో పీల్చాను. నడుము లోతు నీళ్ళు. నిలబడితే సరిపోతుంది. ఆ సంగతి కూడా మర్చిపోయి కొట్టుకున్నాను. మా కన్నడ ఇన్‌స్ట్రక్టర్ భుజం పట్టుకుని లేపి, నేను దగ్గు ఆపేదాకా ఆగి, "మూగినింద బిడి మేడమ్, మూగినింద బిడి" అన్నాడు, ముక్కుతో వదలండి అని. ఆ రోజు పదకొండుసార్లు చేయించాడు. ఆఖరి రెండుసార్లు కళ్ళు మూసుకోకుండా చేశాను.

అదే రోజు మా ఆయన కూడా సరదాగా పూల్‌లో సెట్ తగిలించుకున్నారు. ఆయన మాస్క్‌లోకి ఎంత బిగించినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి. బిగించడం వల్ల లాభం లేదట. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీలిస్తే అతుక్కుని నిలబడాలి, అదే సరైన సైజు. ఆయనకి నిలబడలేదు. కారణం మీసం. రబ్బరు అంచు చర్మానికి ఆనాలి, వెంట్రుకల మీద ఆనితే సందుల్లోంచి నీళ్ళు కారతాయి. ముక్కు కింద సన్నగా ఒక గీత గొరిగితే చాలన్నాడు ఇన్‌స్ట్రక్టర్. మా ఆయన ఆ కుర్రాడి వైపు చూసిన చూపు నేను ఇంతవరకు ఏ సముద్రంలోనూ చూడలేదు. వాజలైన్ రాసుకుని సరిపెట్టుకున్నారు. ఇంకొక చిక్కు, నీళ్ళలో ఏది అడిగినా తల ఆడిస్తారు. అది అవునో కాదో నాకే పన్నెండేళ్ళుగా తెలియదు, పాపం ఆ కుర్రాడికేం తెలుస్తుంది. బాగుందని బొటనవేలు పైకెత్తారు. నీళ్ళ కింద దానర్థం 'పైకి వెళ్దాం' అని. తీసుకెళ్ళిపోయాడు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. టికెట్ మీద శ్రీ విజయపురం, అత్తయ్య నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిర్. ఫెర్రీలో పాపకి వాంతులు. మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయని అమ్మ ఎక్కడో చదివి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసింది. నిజమే, ఉంటాయి. మేము ఆ వైపు వెళ్ళలేదు.

మమ్మల్ని తీసుకెళ్ళే డుంగీ, అంటే అక్కడి చెక్క పడవ, నడిపే పెద్దాయన నేను మా ఆయనతో మాట్లాడటం విని, "ఏటమ్మా, తెలుగోలా మీరు?" అన్నాడు. వాళ్ళ నాన్న చిన్నప్పుడే సోంపేట దగ్గరి నుంచి వచ్చేశారట. 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్‌లో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాష అని చదివాను కానీ, పగడపు దిబ్బ మీద శ్రీకాకుళం యాస వింటానని అనుకోలేదు. "ఇంకో నాలుగు రోజులాగి వస్తే నీరు ఇంకా తేటగుండునమ్మా. పున్నమి కదా, పోటు జోరుగుంటాది" అన్నాడు. పున్నమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహం ఎక్కువ, మట్టి లేస్తుంది. రుతుపవనాలు, విమానాలు, స్కూలు, అన్నీ చూసుకున్నాను. నా ఎక్సెల్‌లో తిథి కాలమ్ లేదు.

మొదటి డైవ్ రెండో నంబర్ బీచ్ దగ్గరి నీమో రీఫ్‌లో, ఒడ్డు నుంచి నడుచుకుంటూ. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. గాలి ఒత్తిడి కారు టైర్‌లో రెండు బార్లు చిల్లర ఉంటే అందులో 200 బార్లు. ఆ ఒత్తిడి చూపించే మీటర్ 50కి వచ్చేలోపు పైన ఉండాలి. బారెడు లోతుకే కుడి చెవి మొరాయించింది. 10 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి పైన ఉన్న ఒత్తిడికి రెట్టింపు అవుతుంది, అందులోనూ మొదటి కొన్ని మీటర్లలోనే చెవికి అసలు పరీక్ష. ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి తొందర పెట్టలేదు. అడుగు పైకి, ముక్కు మూసి ఊదడం, అరడుగు కిందికి. నా వెనక ముగ్గురు ఆగి ఉన్నారు. గోవాలో అయితే ఈపాటికి వీడియో కూడా అయిపోయేది. ఎనిమిదో తొమ్మిదో ప్రయత్నానికి చెవిలో కిర్రుమని తలుపు తెరుచుకుంది. నేను కట్టిన ఆ 5 వేలు అక్కడ వసూలయ్యాయి.

మూడో డైవ్‌లో దాదాపు 15 మీటర్లకి దిగాం. నా మణికట్టుకి తిరుపతి ఎర్రదారం ఉంది. ఎందుకో చూసుకుంటే నల్లగా, బురదలో తీసినట్టు గోధుమరంగు కలిసి ఉంది. నీళ్ళు ముందుగా మింగేసేది ఎరుపునే అని థియరీలో చదివాను. చదవడం వేరు. ఇన్‌స్ట్రక్టర్ చిన్న టార్చి దాని మీద వేసింది, దారం ఒక్కసారిగా కుంకుమలా వెలిగింది. తీసేసింది, ఆరిపోయింది. మళ్ళీ వేయమని సైగ చేశాను. ఎక్కడి నుంచో కరకరమని చప్పుడు, మురుకులు నమిలినట్టు. చిలుకచేపలు పగడాన్ని కొరుకుతున్నాయి.

అన్నీ ఫొటోల్లోలా లేవు. విరిగిన కొమ్మల గుట్టలు, బూడిదరంగు పాచి పట్టిన పగడాలు చాలా ఉన్నాయి. 2010లో, 2016లో ఇక్కడ నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబారాయి. మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలట. నా చేతికి కట్టుకున్న డైవింగ్ కంప్యూటర్ 29 డిగ్రీలు చూపిస్తోంది. వెచ్చని నీళ్ళు కావాలని వెతుక్కుంటూ వచ్చింది నేనే.

మా ఆయన ఆఖరి రోజు దిగారు, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని. ముందు రోజు రాత్రి బాత్రూమ్ తలుపు చాలాసేపు వేసి ఉంది. పొద్దున చూస్తే ముక్కు కింద రెండు మిల్లీమీటర్ల ఖాళీ. నేనేమీ అనలేదు, పాప అంది. ఆయన 7 మీటర్ల దాకా వెళ్ళారు, కలువలాంటి దానిలో దాక్కున్న క్లౌన్ చేపలు చూశారు, పైకొచ్చి అరగంట మాట్లాడలేదు. తర్వాత, "నీ కోర్సుకి ఈత ఎంత అన్నావ్?" అని అడిగారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఆరున్నర బ్యాచ్‌లో ఆరేళ్ళ పిల్లల మధ్య ఒకే ఒక్క మీసం కనిపిస్తుంది. నిన్న పూల్‌ని అడ్డంగా దాటానని గొప్పగా చెప్పారు. గట్టు మీద కూర్చుని లెక్క పెడుతున్న పాప ఒప్పుకోలేదు.

"మధ్యలో కాలు ఆనించావ్ నాన్నా. మళ్ళీ మొదటి నుంచి."